హంసలకు ఎంత కట్టారు? మన కళాభిమానుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది తర్వాత జరిగిన మొదటి సమావేశంలో, ఈ ఏడాది దేని గురించి తెలుసుకుందామని మాట్లాడుకుంటుండగా మన పెద్ద సభ్యురాలు ఒకరు ఫోన్‌లో ఒక ఫోటో చూపించారు. అది వాళ్ల అమ్మమ్మగారి వడ్డాణం. మధ్య బిళ్ల మీద మెడలు పెనవేసుకున్న రెండు హంసలు, ఒకదాని ముక్కున లతకొస. మనవరాలి పెళ్లికని ఆ వడ్డాణాన్ని ఒక షాపులో మార్పిడికి ఇచ్చారు. కెంపులు పీకి పక్కన పెట్టారు, లోపలి లక్క కరిగించి తీసేశారు, మిగిలింది తూచి, తరుగు పోను ఆ రోజు రేటు కట్టారు. లెక్కలో తప్పేమీ లేదు. "హంసలకు ఎంత కట్టారో అని బిల్లంతా వెతికాను, ఎక్కడా కనపడలేదు" అన్నారావిడ. కాసేపు ఎవరం మాట్లాడలేకపోయాం. ఈ ఏడాది మన విషయం ఆ క్షణంలోనే ఖాయమైంది: తూకం కోసం కాక రూపం కోసం పుట్టిన నగలు. అంటే శిల్పులు, చిత్రకారులు ఊహించి చేసినవి, ఒంటి మీద పెట్టుకోగలిగిన శిల్పాలు.

నెలనెలా సమావేశాలు

రెండో శనివారం సాయంత్రం కూర్చోవడం ఈసారి ఒక్క నెల కూడా తప్పలేదు. వానాకాలంలో తుపాను హెచ్చరిక ఉన్న రోజు కూడా తొమ్మిది మంది వచ్చారు. ప్రొజెక్టర్ ఒక సభ్యుడిది, టీ ఖర్చు అందరిదీ.

ఎక్కువ కాలం గడిపింది అలెగ్జాండర్ కాల్డర్ (1898–1976) దగ్గర. గాలికి కదిలే మొబైల్ శిల్పాలతో ప్రపంచానికి తెలిసిన అమెరికన్ శిల్పి ఆయన. చిన్నప్పుడు వీధిలో కేబుల్ పనివాళ్లు వదిలేసిన రాగితీగ ముక్కలు ఏరుకొచ్చి అక్క బొమ్మలకు నగలు చేశాడట. ఆ అలవాటు చివరిదాకా పోలేదు. జీవితంలో సుమారు 1,800 నగలు చేశాడు. చాలావరకు ఇత్తడి, వెండి, ఉక్కు తీగ. మధ్యలో పగిలిన గాజుపెంకులు, పింగాణీ ముక్కలు కూడా కనిపిస్తాయి. టంకం పెట్టి అతికించడం కన్నా తీగను మెలిపెట్టి, కొక్కెంలా వంచి, లేదా రివెట్ కొట్టి కలపడమే ఆయనకు ఇష్టం. అందుకే ఆ నగలో ఏ భాగం ఏ భాగాన్ని ఎలా పట్టుకుందో చూసేవాళ్లకు విప్పి చెప్పినట్టు తెలిసిపోతుంది. ఆయనకు బాగా నచ్చిన చుట్టు ఆకారాన్ని తెర మీద చూపించినప్పుడు, మన ఆహ్వానం మీద వచ్చిన స్వర్ణకారుడు వెంటనే "ఇవి మా తాతలు చేసిన చుట్టు మట్టెల్లా ఉన్నాయమ్మా" అన్నారు. ఆ సాయంత్రం అందరికీ గుర్తుండిపోయిన మాట అదే.

1942లో న్యూయార్క్‌లో, కళాఖండాలు సేకరించే పెగ్గీ గుగన్‌హైమ్ తన గ్యాలరీ ప్రారంభించిన రోజు ఒక చెవికి కాల్డర్ చేసిన జూకా, రెండో చెవికి చిత్రకారుడు ఈవ్ టాంగీ చేసిన జూకా పెట్టుకుంది. కాల్డర్‌ది అమూర్త కళ, టాంగీది కలల్లాంటి దృశ్యాలు గీసే సర్రియలిజం; రెండూ తనకు సమానమేనని చెప్పడానికి. రెండు చెవులకు రెండు రకాలు పెట్టుకుంటే మన ఇళ్లల్లో "ఒకటి పోయిందా?" అని అడుగుతారు. ఆవిడ మాత్రం ఆ జూకాలతోనే తన మాట చెప్పింది. నగ ఒక అభిప్రాయం కూడా చెప్పగలదన్న ఆలోచన మాలో చాలామందికి కొత్త.

కాల్డర్ 1955లో మన దేశానికి కూడా వచ్చాడు. అహ్మదాబాద్‌లో సారాభాయ్ కుటుంబం ఆహ్వానిస్తే వాళ్ల ఆవరణలోనే ఉండి శిల్పాలు, కొన్ని నగలు చేశాడు.

ఆ తర్వాతి రెండు నెలలు నగలు చేసిన మిగతా కళాకారులు. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1953 నాటి 'రాజహృదయం' అనే నగ గురించి చాలా చర్చ జరిగింది. బంగారు గుండె మధ్యలో కెంపులు, లోపలి యంత్రంతో అవి నిజం గుండెలా కొట్టుకుంటాయి. స్పెయిన్‌లోని ఫిగెరస్‌లో డాలీ నగల కోసమే పెట్టిన ప్రదర్శనశాలలో ఉంది. చూసినప్పుడు ఆశ్చర్యం కలుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ దాన్ని ఒంటి మీద ఊహించుకోలేకపోయాను. గాజు పెట్టెలోనే సుఖంగా ఉండే నగ అది. కాల్డర్ ఇత్తడి తీగ అలా కాదు, మెడ లేకపోతే దానికి సగం ప్రాణమే. ఇది నా అభిప్రాయం. సభలో కనీసం ఆరుగురు నాతో ఏకీభవించలేదని కూడా నమోదు చేస్తున్నాను.

మెరెట్ ఒపెన్‌హైమ్ 1936లో బొచ్చు అతికించి చేసిన కడియం, క్లోద్ లలాన్ నిజమైన ఆకుల మీద విద్యుత్తుతో రాగిపూత పట్టించి చేసిన హారాలు, మాన్ రే కళ్లజోడులాంటి ముఖాభరణం చూశాం. సమయం చాలక వీటిని తొందరగా దాటేశాం.

రెండో పేరు ఎవరిది?

ఈ ఏడాది మేం నేర్చుకున్నదాంట్లో నాకు ముఖ్యమనిపించింది ఇదే, అందుకే వేరుగా రాస్తున్నాను.

పికాసో బంగారు, వెండి పతకాలు 1950లలో మొదలయ్యాయి. రూపం ఆయనదే. రేకు మీద దాన్ని ఎత్తుగా కొట్టి తెచ్చింది ఫ్రాన్స్ దక్షిణాన ఎక్స్-అన్-ప్రొవాన్స్‌లో ఉన్న ఫ్రాన్స్వా హ్యూగో అనే స్వర్ణకారుడు. చిత్రకారుడు జార్జ్ బ్రాక్ జీవితం చివర్లో గ్రీకు పురాణ పాత్రలతో గీసిన బొమ్మలను నగలుగా మార్చింది హెగర్ ద లోవెన్‌ఫెల్డ్. 1963లో పారిస్ అలంకార కళల మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు, బ్రాక్ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. డాలీ నగలు న్యూయార్క్‌లో కార్లోస్ అలెమానీ పనిశాలలో తయారయ్యాయి. మాన్ రే ముఖాభరణం వెనక మిలాన్‌కు చెందిన జాన్‌కార్లో మోంతెబెల్లో ఉన్నాడు. మొదటి పేర్లు లోకమంతటికీ తెలుసు. రెండో పేర్లు వెతికితే గాని దొరకవు.

మన ఊరి సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో కంసాలులు చెక్క పెట్టెలకు, రాతబల్లలకు దంతపు పలకలు అంటించి, వాటి మీద సన్నగా గీతలు చెక్కి, నల్ల లక్క నింపేవారు. తెల్లటి దంతం మీద నల్లటి లతలు. ఆ వస్తువులు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాకా వెళ్లాయి. అక్కడ వాటికి 'విజాగపటం పని' అని మన ఊరి పేరే ఉంది గానీ చేసిన మనిషి పేరు లేదు. (దంతం వాడటం ఇప్పుడు నేరం, అలా ఉండడమే న్యాయం. నేను మాట్లాడుతున్నది చేతిపని గురించి మాత్రమే.)

ఇంకా వెనక్కి వెళ్తే, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు చెవి ఆభరణాలు ఉన్నాయి. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటివి, బహుశా ఆంధ్ర ప్రాంతానివని మ్యూజియం చెబుతుంది. మూడంగుళాల పొడవు. ఒక కాడ నుంచి రెండు మొగ్గలు విచ్చుకున్నట్టుంటాయి. ఒక మొగ్గ మీద రెక్కల సింహం, మరో మొగ్గ మీద ఏనుగు. రేకును వెనక నుంచి కొట్టి ఉబ్బించి, సన్న తీగ ముక్కలు, ఆవగింజల్లాంటి బంగారు రవ్వలు అతికించి చేశారు. దాదాపు ఇలాంటి ఆభరణమే జగ్గయ్యపేటలో దొరికిన శిల్పంలో, నాణేలు కురిపించే మేఘాల కింద నిలబడ్డ చక్రవర్తి చెవికి కనిపిస్తుంది. అంటే రాతిశిల్పం చెవికున్న శిల్పం అది. ఈ బొమ్మ చూపించిన రోజు చాలాసేపు లైట్లు వేయనివ్వలేదు సభ్యులు. ఒంటి మీది శిల్పమన్నది ఇరవయ్యో శతాబ్దపు పారిస్, న్యూయార్క్‌ల ఆలోచన అని మొదలుపెట్టిన మేం, రెండు వేల ఏళ్ల కిందటి మన చెవి తమ్మెల దగ్గరికి వచ్చి ఆగాం. దాన్ని చేసిన చేతుల పేరు కూడా మనకు దక్కలేదు.

అందుకే ఆగస్టు సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానం చేశాం. సంఘం తరఫున తయారయ్యే ప్రతి వస్తువు వెనక రెండు పేర్లు చెక్కించాలి: ఊహించినవారిది, చేసినవారిది. అక్షరాల సైజు రెండింటికీ ఒకటే.

పనిశాల

ఏటికొప్పాక యాత్ర బాగా జరిగింది. లేతు మీద తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకోవడం దగ్గర నుంచి చూశాం. సాయంత్రం వరాహ నది ఒడ్డున భోజనాలు.

అసలు పని కురుపాం మార్కెట్ దగ్గరి సందులో, పైన చెప్పిన స్వర్ణకారుడి పనిశాలలో సాగింది. ఆరుగురు సభ్యులు పదకొండు ఆదివారాలు వెళ్లారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. ఇత్తడి, రాగి మాత్రమే వాడాలని ముందే అనుకున్నాం. బంగారం చేతిలోకి వస్తే మనసు మళ్లీ గ్రాముల వైపు పోతుందని భయం.

కాగితం మీద గీసింది లోహంలో నిలబడదని మొదటి వారమే తెలిసింది. ఇత్తడి రేకును సుత్తితో కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. మధ్యలో కాల్చి మెత్తబరచకుండా ఇంకా కొడితే అంచున పగులు వస్తుంది. నావి రెండు ముక్కలు అలాగే పోయాయి. "తొందరపడకు బాబూ, అది అలిసిపోయింది, కొంచెం కుంపట్లో పెట్టు" అనేవారు ఆయన. అలిసిపోవడమన్న మాట లోహానికి అంత బాగా సరిపోతుందని అప్పటిదాకా తెలీదు.

తర్వాతి సమస్య బరువు. యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చే గీతను మన సభ్యురాలు ఒకరు చీర బ్రూచ్‌గా గీశారు. చూడటానికి అద్భుతంగా ఉంది. నూలు చీరకు పెడితే కొండ ముందుకు వాలిపోయింది. పట్టు చీరకు పెడితే చీర చిరిగేలా లాగింది. స్వర్ణకారుడు రెండు రోజులు ఆలోచించి, వెనక ఒక సూదికి బదులు దూరం దూరంగా రెండు సూదులు పెట్టి, కొండ కడుపు భాగం రేకును పల్చగా తీశారు. కొండ నిలబడింది. బొమ్మ ఆవిడదే, కానీ నిలబెట్టింది ఆయన. ఆగస్టు తీర్మానం ఎందుకు చేశామో ఆ బ్రూచ్ చూసిన వాళ్లకు చెప్పక్కర్లేదు.

ప్రదర్శన

జనవరిలో అనుకున్న హాలు వారం ముందు రద్దయింది. అడ్వాన్స్ కట్టాం, రసీదు ఉంది, అయినా వేరే కార్యక్రమానికి ఇచ్చేశామని చెప్పారు. ఆ వారం కమిటీ పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. చివరికి లాసన్స్ బేలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు దొరికింది. ఇచ్చిన నివాసులకు సంఘం కృతజ్ఞతలు.

గాజు పెట్టెలు పెట్టలేదు. సభ్యులే నగలు వేసుకుని హాల్లో తిరిగారు. నిలువుటద్దాలు పెట్టి, వచ్చినవాళ్లను కూడా వేసుకుని చూసుకోమన్నాం. మెడకు పెట్టుకున్నాక నడక మారడం కళ్లారా చూశాం. వలకు కట్టే బెండ్ల ఆకారంలో చేసిన పెద్ద హారం వేసుకున్న కాలేజీ అమ్మాయి భుజాలు వెనక్కి తీసి నిటారుగా నిలబడింది, లేకపోతే అది సరిగా కూర్చోదు. ఒక తల్లి ఆ హారం చూసి "బంగారంలో చేయిస్తే ఎన్ని కాసులు పడుతుంది?" అని అడిగారు. అడగడంలో తప్పులేదు. మన ఆడవాళ్లకు నగే బ్యాంకు, కష్టకాలంలో నిలబెట్టేది అదే. ఆ భద్రతను తక్కువ చేసి మాట్లాడే హక్కు మన సంఘానికి లేదు. రూపానికి కూడా ఒక లెక్క ఉండాలన్నదే మన కోరిక.

ఒక లోపం కూడా చెప్పాలి. బీచ్‌కు అంత దగ్గర హాల్లో ఉప్పు గాలి తగిలి కొన్ని రోజులకే ఇత్తడి నల్లబడింది. చెమట తగిలిన చోట చర్మం మీద ఆకుపచ్చ మరకలు పడ్డాయని ఇద్దరు ఫిర్యాదు చేశారు. పారదర్శకమైన పూత వేసి చూశాం, రాపిడి తగిలే చోట లేచిపోయింది. చివరికి ఒంటికి తగిలే వైపు మాత్రం పల్చటి వెండి రేకు వేయించాం. ముందు వైపు నలుపు అలాగే ఉంచేశాం, కొండ బ్రూచ్‌కు ఆ నలుపు ఇంకా బాగా నప్పింది.

లెక్కలు, వచ్చే ఏడాది

జమాఖర్చుల పత్రం కోశాధికారిగారు సభలో విడిగా చదువుతారు. రెండో హాలు ఖర్చు వల్ల కొద్దిగా లోటు వచ్చింది. మొదటి హాలు అడ్వాన్స్ ఇంకా తిరిగి రాలేదు, అడుగుతూనే ఉన్నాం. చందా పెంచే ప్రతిపాదన లేదు.

వచ్చే ఏడాదికి ఒక రిజిస్టరు మొదలుపెడుతున్నాం. మీ ఇంట్లో పాత నగ ఏదైనా మార్పిడికో కరిగించడానికో వెళ్తుంటే, ముందు దాన్ని మన దగ్గరికి తీసుకురండి. ముందు వైపు, వెనక వైపు ఫోటోలు తీస్తాం. ఏ ఊళ్లో, ఎవరి చేత చేయించారో మీ ఇంటి పెద్దవాళ్లకు గుర్తున్నంత రాసుకుంటాం. నగ మీదే, అమ్మాలా ఉంచాలా అన్న నిర్ణయమూ మీదే, ఆ విషయంలో సలహాలు ఇవ్వం. వడ్డాణం ఫోటో తెచ్చిన మన సభ్యురాలే ఈ రిజిస్టరు చూసుకోవడానికి ఒప్పుకున్నారు. మొదటి పేజీలో ఆ హంసలు అతికించి ఉన్నాయి. చేసినవారి పేరు అన్న చోట ఇప్పటికి ఖాళీయే ఉంది. వాళ్ల పుట్టింటివైపు ఊళ్లో అడిగి చూస్తామన్నారు.

ఇట్లు,
కార్యదర్శి