మన మండపంలో పెళ్లి పెట్టుకున్నవారికి: రాత్రి పది దాటాక ఏమి మారుతోంది

ముందు అసలు విషయం చెప్పేస్తాను. వచ్చే మాఘమాసం నుంచి మన మండపం లాన్‌లో డీజే ఉండదు. లాన్‌లో మైకైనా పాటకచేరీ అయినా రాత్రి పది గంటలకల్లా ఆగిపోవాలి. ఊరేగింపు కూడా పదిలోపే గేటు దాటి లోపలికి వచ్చెయ్యాలి. మా ఆవరణలో బాణసంచా ఏ వేళా కాల్చకూడదు. ముహూర్తం పది దాటాక ఉంటే పెళ్లి లోపలి హాల్లో, తలుపులు మూసి జరుగుతుంది. అక్కడ సన్నాయి, డోలు నిక్షేపంగా ఉంటాయి. మైకు మాత్రం ఉండదు.

మండపం వెనక కాలనీవాళ్లు మన ఫంక్షన్ల చప్పుడు మీద మున్సిపాలిటీకి అర్జీ పెట్టారు. దాని మీద అధికారులు, పోలీసులు, కాలనీ సంక్షేమ సంఘం, మేము ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ తర్వాత మా ట్రేడ్ లైసెన్సుకు జతపరిచిన షరతులివి. వీటిలో కొన్ని అధికారులు పెట్టినవి, కొన్ని నేను కోరి పెట్టించుకున్నవి. ఏవి ఎందుకో మీకు తెలియాలి. ఎందుకంటే ఇప్పటికే అడ్వాన్సు కట్టిన కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లలో కొందరు లాన్ చూసే మనల్ని ఎంచుకున్నారు.

చాలామంది నాకు ఫోన్ చేసి, "మేము పర్మిషన్ తెచ్చుకుంటాం, మీకెందుకు ఇబ్బంది" అంటున్నారు. తెచ్చుకోవడానికి వీలున్న పర్మిషన్ కాదది. 2000వ సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఆ వేళల్లో లౌడ్‌స్పీకరే కాదు, వాయిద్యం కూడా ఆరుబయట మోగకూడదు. పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం పది నుంచి పన్నెండు దాకా సడలింపు ఇవ్వవచ్చు. అదీ ఏడాదికి 15 రోజులకు మించకూడదు. మన ఇంటి పెళ్లి మనకు ఎంత పెద్ద పండుగైనా ఆ పదిహేను రోజుల లెక్కలోకి రాదు. 2005 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మరీ స్పష్టంగా ఉంది. ప్రశాంతంగా బతకడం జీవించే హక్కులో భాగమని, తన ఆవరణలోనే పుట్టిన శబ్దమైనా అది గోడ దాటి పొరుగువారిని బాధిస్తే దాన్ని హక్కు అనలేరని చెప్పింది. ఇది పల్లెకూ పట్నానికీ ఒక్కటే. హైదరాబాదు జూబ్లీహిల్స్ పబ్బుల చప్పుడు మీద అక్కడి నివాసులు హైకోర్టుకు వెళితే, రాత్రి పది తర్వాత సంగీతం వద్దని 2022 సెప్టెంబరులో కోర్టు ఆదేశించింది. 2024 అక్టోబరులో అదే నగరంలో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను పోలీసులు నిషేధించారు. కాబట్టి ఎవరి చేత ఫోన్ చేయించినా నేను చెప్పే జవాబు మారదు. దయచేసి ఆ ఇబ్బంది నాకూ, ఫోన్ చేసే పెద్దలకూ పెట్టకండి.

డీజే సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నన్ను ఎక్కువమంది అడుగుతున్నది అదే: "పదింటికి ఆపేస్తాం సరే, ఏడు నుంచి పది దాకా పెట్టుకుంటే ఏం పోయింది?" అని.

నివాస ప్రాంతంలో పగటి వేళ శబ్దం 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని నియమం. వ్యాపార ప్రాంతమైతే 65, 55. మన మండపం ముందు వైపు మెయిన్ రోడ్డు, దుకాణాలు. వెనక గోడ అవతల ఇళ్లు. ప్రైవేటు స్థలంలోని సౌండ్ సిస్టమ్ చప్పుడు ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ ప్రమాణం కన్నా అయిదు డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు. అదే జనం వచ్చిపోయే బహిరంగ స్థలమైతే పది దాకా ఎక్కువ ఉండవచ్చు, కాని ఎట్టి పరిస్థితుల్లోనూ 75 దాటకూడదు. కల్యాణ మండపం ఈ రెండింట్లో దేని కిందకు వస్తుందన్న దాని మీద సమావేశంలో చాలాసేపు వాదన నడిచింది. వెనక గోడ వరకు అయిదే ఉండనివ్వండి అని నేనే అన్నాను. అంటే అక్కడ పగటి పూట, రాత్రి పది దాకా, 60. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే దాదాపు అంత ఉంటుంది.

ఆ 60 అంటే ఏమిటో తెలుసుకోవాలని శబ్దం కొలిచే మీటరు తెప్పించి, ఒక సంగీత్ రోజున వెనక గోడ పక్కన నిలబడ్డాను. కుర్రాడు పెద్దగా పెట్టలేదు, మామూలుగానే నడుపుతున్నాడు. అంకె 80 దాటే ఉంది. స్పీకర్ల ముఖం రోడ్డు వైపు తిప్పించాం. కాస్త తగ్గింది. వాటిని గోడకు ఇంకా దూరంగా జరిపించాం. ఆరుబయట దూరం రెట్టింపైతే దాదాపు ఆరు డెసిబెల్స్ తగ్గుతాయి, కాని మన లాన్ ఎన్నిసార్లు రెట్టింపు చేసినంత దూరం ఇవ్వగలదు? పైగా డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. పది పెరిగిందంటే శబ్ద శక్తి పదింతలైనట్టు. 80ని 60కి దించాలంటే నూరో వంతుకు దించాలి. అలా దించాక అది డీజేగా మిగలదు.

అక్కడితో ఆగకుండా గోడ అవతలి ఇంట్లోవాళ్లను అడిగి వాళ్ల వంటింట్లోకి వెళ్లాను. పాట వినిపించడం లేదు, పాటలోని మాట ఒక్కటీ అర్థం కావడం లేదు. దబ్ దబ్‌మని దరువు మాత్రం నేలలోంచి వస్తున్నట్టుంది. అలమరలో పక్కపక్కనే బోర్లించిన స్టీలు గ్లాసులు ప్రతి దరువుకూ ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. పక్క గదిలో ఇంటర్ చదివే పిల్ల చెవుల్లో దూది పెట్టుకుని రికార్డు రాసుకుంటోంది. సన్నని శబ్దాన్ని గోడ ఆపుతుంది గాని, బేస్‌ను, అంటే ఆ దరువును, ఆపదు. కిటికీలు మూసినా అది వస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో ముహూర్తాలు ముమ్మరంగా ఉంటాయి, సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటర్, టెన్త్ పిల్లలకు పరీక్షలు. ఈ రెండూ ఏటా ఢీకొంటాయి. పరీక్ష తేదీ ఆ పిల్ల చేతిలో లేదు. డీజే మన చేతిలో ఉంది. అందుకే లాన్‌లో డీజే అసలే వద్దన్న షరతును నేను కాదనలేదు.

ఇక రాత్రి ముహూర్తాలు. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. మన కోస్తా జిల్లాల్లో రాత్రి పదకొండుకో, ఒంటిగంటకో, తెల్లవారుజామున మూడుకో ముహూర్తం పెట్టడం మామూలు. లగ్నం కుదిరింది అప్పుడని పురోహితుడు చెబితే, దాన్ని తొమ్మిదిన్నరకు జరపండి అని నేను చెప్పలేను. చెప్పను కూడా. సమావేశంలో ఒకరు, "రాత్రి పెళ్లిళ్లే తీసుకోవద్దు" అన్నారు. దానికి మాత్రం నేను ససేమిరా ఒప్పుకోలేదు. మూసిన ఆవరణలకు, అంటే ఆడిటోరియంలు, కమ్యూనిటీ హాళ్లు, బాంకెట్ హాళ్ల వంటివాటికి, లోపలివారి కోసం లోపలే వినిపించేలా ఆ నియమాల్లోనే మినహాయింపు ఉంది. దాన్ని చదివి వినిపించాను. హాలుకు వెనక వైపున్న పెద్ద కిటికీలు మూయించి గోడ కట్టిస్తున్నాం. తలుపులు రెండు వరుసలు చేయిస్తున్నాం, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకునేలా.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు గట్టిమేళం మోగకుండా పెళ్లి జరగదని నాకు తెలుసు. అది మోగుతుంది. మూసిన హాల్లో రెండు సన్నాయిలు, రెండు డోళ్లు మోగితే లోపల ఒళ్లు గగుర్పొడుస్తుంది. తలుపులు బిగించి ఉంటే వెనక గోడ దగ్గర మీటరు ఎంత చూపిస్తుందో పనులు పూర్తయ్యాక అధికారుల ఎదుటే కొలిచి చూపిస్తామన్నాం. ఎక్కువ వస్తే తలుపులకు ఇంకా పని చేయిస్తాం. మంత్రాలు వెనక వరుసకు వినిపించవని ఒకరిద్దరు బాధపడ్డారు. ఏసీ హాలు, తలుపులు మూసి ఉంటాయి, బయటి రణగొణ ఉండదు. ఇంతకు ముందు లాన్‌లో మైకులో విన్నదానికన్నా ఇక్కడే బాగా వినిపిస్తుందని నా నమ్మకం.

కాలనీవాళ్లతో మాట్లాడాక నాకు తెలిసిన ఇంకో సంగతి ఉంది. వాళ్లను అన్నిటికన్నా బాధ పెడుతున్నది పాట కాదు. రాత్రి రెండు గంటలకు ఆఖరి బంతి లేచాక, కేటరింగ్ వాళ్లు ఖాళీ గుండిగలను ఈడ్చుకుంటూ వచ్చి వ్యానులోకి విసరడం. గ్యాస్ సిలిండర్లు సిమెంటు నేల మీద దొర్లించడం. పెద్ద గంగాళాలు కుళాయి కింద పెట్టి తోమడం. వెనక వీధిలో ఉండే రిటైరైన మాస్టారు ఒకరు, "పాట మొదలైతే పదింటికి ఆగుతుందని తెలుసు, గుండిగ ఎప్పుడు పడుతుందో తెలియదు, అందుకే నిద్ర పట్టదు" అన్నారు. నాకది నూటికి నూరుపాళ్లు న్యాయంగా అనిపించింది. దీనికి ఏ డీజేనో నిందించి లాభం లేదు. అందుకని పాత్రలు తోమే చోటును వెనక గోడ దగ్గర నుంచి జనరేటర్ గది పక్కకు, రోడ్డు వైపుకు మార్చేశాం. రాత్రి పదకొండు తర్వాత సామాను ఎక్కించడం ఉండదు, పొద్దున ఆరున్నరకు వచ్చి తీసుకెళ్లాలి. మీరు సొంత వంటవాళ్లను పెట్టుకుంటే ఈ మాట వాళ్లకు ముందే చెప్పండి. సామాను రాత్రంతా మా దగ్గర భద్రంగా ఉంటుంది, దానికి అద్దె తీసుకోం. కార్లు కూడా వెనక సందులోకి వెళ్లకూడదు. పార్కింగ్ అంతా ముందు వైపే, మా మనుషులు దారి చూపిస్తారు. అప్పగింతలయ్యాక కారు కదిలేటప్పుడు హారన్ కొట్టడం ఆనవాయితీ అంటారు. రాత్రి పది దాటితే దాన్ని మెయిన్ రోడ్డు ఎక్కాక కొట్టుకోండి.

నేను ఒప్పుకోని ప్రతిపాదన ఇంకొకటి ఉంది. నెలకు ఇన్ని ఫంక్షన్లే చేయాలని పరిమితి పెట్టమని కొందరు కోరారు. పెళ్లిళ్లు నెలకు ఇన్నేసి అని సర్దుకుని రావు. మూఢం వస్తే నెలల తరబడి హాలు ఖాళీగా ఉంటుంది, శ్రావణం రాగానే ఒకే రోజు పది కుటుంబాలు ఒకే తేదీ అడుగుతాయి. లెక్కపెట్టవలసింది పెళ్లిళ్లను కాదు, గోడ దగ్గర డెసిబెల్స్‌ను. చప్పుడు లేకుండా ముప్పై పెళ్లిళ్లు జరిగితే కాలనీకి వచ్చే నష్టం ఏమిటి? చప్పుడుతో ఒక్కటి జరిగినా అది నష్టమే. ఈ వాదనను అధికారులు విన్నారు, పరిమితి పెట్టలేదు. దానికి బదులు మీటరు రీడింగులు ప్రతి ఫంక్షన్‌కూ పుస్తకంలో రాయాలని, కాలనీవాళ్లు ఎప్పుడు అడిగినా చూపించాలని షరతు పెట్టారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఫలానా రోజు మా హాలు వల్ల నిద్ర లేదని ఎవరైనా అంటే, ఔనో కాదో ఆ పుస్తకమే చెబుతుంది. ఇదే కొలత మా ఎదుటి మైదానంలో జరిగే సభలకూ, ఊళ్లోని మిగతా మండపాలకూ పెట్టమని రాతపూర్వకంగా అడిగాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను. నియమం ఒక్కరికే అయితే పక్క హాలుకు బుకింగులు పోతాయి, కాలనీవాళ్లకు మాత్రం అదే చప్పుడు ఇంకో దిక్కు నుంచి వస్తుంది.

డీజే పెట్టే కుర్రాళ్ల గురించి కూడా చెప్పాలి. అప్పు చేసి సెట్లు కొనుక్కున్న పిల్లలు వాళ్లు. మన దగ్గర ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్నారు. వాళ్లను వదిలేయడం నాకు ఇష్టం లేదు. సంగీత్ లోపలి హాల్లో పెట్టుకునేవారికి వాళ్లే వస్తారు. బేస్ మోగించే సబ్‌వూఫర్లు లేకుండా, ఇంత దాటి మోగకుండా ఆపే లిమిటర్ బిగించిన మా సొంత సిస్టమ్ మీద పాటలు వేస్తారు. ఆ లిమిటర్‌కు తాళం మా మేనేజరు దగ్గర ఉంటుంది. ఎంత దగ్గరివారు అడిగినా తీయవద్దని ఆయనకు చెప్పాను. పెళ్లిలో ఉత్సాహం వచ్చినప్పుడు మేనమామలు, బావలు వచ్చి "ఒక్క పాటకు పెంచండి" అంటారు. ఆ కుర్రాడు, మేనేజరు కాదన్నప్పుడు వాళ్ల మీద కోపగించుకోకండి. అది నా మాట.

ఇప్పటికే లాన్‌కు అడ్వాన్సు కట్టినవారికి మూడు దారులున్నాయి. రిసెప్షన్‌ను సాయంత్రం ఆరుకే మొదలుపెట్టి లాన్‌లోనే, చిన్న స్పీకర్లతో, పదిలోపు ముగించుకోవచ్చు. లేదా అదే అద్దెకు ఏసీ హాల్లోకి మారవచ్చు, తేడా మేము భరిస్తాం. రెండూ కుదరకపోతే కట్టిన అడ్వాన్సు మొత్తం, ఏమీ పట్టుకోకుండా, వెనక్కి ఇచ్చేస్తాం. ముహూర్తానికి నెల ముందు లోపు చెబితే చాలు. మీరు మన మండపం కావాలనుకున్నది లాన్ కోసమే అయితే వేరే చోటు వెతుక్కోవడానికి కూడా సమయం ఉండాలి కదా. అందుకే సీజన్ మొదలవకముందే ఇది రాస్తున్నాను.

ఈ సీజన్ అద్దెలు పెంచడం లేదు. తలుపులు, గోడ, సిస్టమ్ ఖర్చు పెద్దదే. లాన్ బుకింగులు కొన్ని పోతాయని కూడా తెలుసు. వచ్చే ఏడాది అద్దె ఎంతో లెక్కలు చూసుకున్నాక, ఉగాదిలోపు చెబుతాను. కొత్తగా బుక్ చేసుకునేవారు ముహూర్తం వేళ మొదటి ఫోన్‌లోనే చెప్పండి. రాత్రి పది దాటిన ముహూర్తమైతే ఆ తేదీకి లాన్ ఇవ్వం, హాలు ఖాళీ ఉంటేనే అడ్వాన్సు తీసుకుంటాం. గోడ పని కార్తీకంలో మొదలవుతుంది. ఆ నెలలో హాలు చూడటానికి వచ్చేవారు సాయంత్రం అయిదు తర్వాత రండి, మేస్త్రీలు వెళ్లిపోయి ఉంటారు.