‘పాలరాతి పాప’ వార్తలో కంటి మాటేదీ?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా అనుబంధంలో ‘పాలరాతి పాప’ అంటూ రంగుల ఫొటోతో వేసిన వార్తకి సవరణ వస్తుందేమోనని ఇన్నాళ్లూ చూశాను. రాలేదు. ఒంటి మీద ఊదారంగు వల గీతలు, గ్రహణం వేళ తల్లి బయట తిరిగిందన్న ఇరుగుపొరుగు మాట, ‘చాలా అరుదు’ అన్న డాక్టరు గారి ముక్క, అన్నీ వేశారు. కన్ను అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. మీరు మొహం కూడా దాచకుండా అచ్చేసిన ఆ ఫొటోలోనే గీతలు కణత మీంచి పైరెప్ప దాకా పాకి ఉన్నాయి. అసలు వార్త అది.

ఆ జబ్బు పేరు క్యూటిస్ మార్మొరేటా టెలాంజియెక్టాటికా కంజెనిటా. డచ్ వైద్యురాలు వాన్ లోహూజెన్ 1922లోనే దీన్ని వివరంగా రాశారు. దాదాపు ఎప్పుడూ తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. కోడల్ని సాధించడానికి అత్తగారికి మీరు అచ్చు కాగితం చేతికిచ్చారు, అంతే.

చలికి పసిపిల్లల ఒళ్లు ఇలా గళ్లు కట్టడం మామూలే. గుడ్డ చుట్టి వెచ్చబెడితే పోతుంది. ఈ జబ్బులో వెచ్చబెట్టినా పోదు. ఎక్కువమందికి కాళ్ల మీదే ఉంటుంది. ఆ కాలు రెండోదానికంటే సన్నగా ఉండొచ్చు, అక్కడక్కడ పుండ్లు పడొచ్చు. రెండు మూడేళ్లలో చాలామందికి గీతలు పలచబడతాయి. చిక్కంతా అక్కడే. చర్మం తేరుకుంది కదా అని ఆస్పత్రికి వెళ్లడం మానేస్తారు. మొహం మీద గీతలున్న పిల్లలకి గ్లకోమా, అంటే కంటి లోపల ఒత్తిడి పెరిగి కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు, వచ్చే ప్రమాదం ఉంది, అది చర్మంతో పాటు తగ్గేది కాదు. కంటి వెనక ఉండే రెటీనా పొర అంచున రక్తనాళాలు సరిగా పెరగక ఆ పొర ఊడిన కేసులూ ఉన్నాయి కాబట్టి చుక్కలు వేసి కన్ను లోపల కూడా చూడాలి. నుదుటి మీద, పైరెప్ప మీద ఎర్రటి పోర్ట్‌వైన్ మచ్చతో పుట్టే స్టర్జ్-వెబర్ అనే మరో జబ్బు పిల్లలకైతే గ్లకోమా ముప్పు ఇంకా ఎక్కువ, ఫిట్స్ అదనం.

పుట్టిన బిడ్డ నల్లగుడ్డు అడ్డంగా సుమారు 10 మిల్లీమీటర్లు. పుట్టినప్పుడే 11 దాటినా, ఏడాది లోపు 12 దాటినా గ్లకోమా అని అనుమానించాలి. లోపలి ఒత్తిడికి పసికన్ను సాగుతుంది. మన ఇళ్లలో ‘ఎంత పెద్ద కళ్లో’ అని మురిసిపోయి దిష్టి తీస్తారు! నీరు కారుతుంది, నల్లగుడ్డు మీద నీలంగా మసక కమ్ముతుంది, వరండాలోకి తెస్తే చాలు బిడ్డ తల్లి భుజంలో మొహం దూర్చేస్తుంది. నీరు కారుతోందని చూపిస్తే కన్నీటి గొట్టం మూసుకుంది, ముక్కు పక్కన మర్దనా చేయమని పంపేస్తారు. గొట్టం మూసుకుంటే నీరూ పుసీ ఉంటాయి గానీ బిడ్డ వెలుతురుకి బెదరదు, గుడ్డు పెరగదు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఉన్న ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

కదిలే పసిబిడ్డకి సాధారణంగా మత్తిచ్చి ఒత్తిడి కొలుస్తారు. కెటమిన్ ఇస్తే అంకె పెరగొచ్చు, మిగతా మత్తుమందులు చాలావరకు తగ్గిస్తాయి. అందుకని అంకె ఒక్కటే నమ్మరు, గుడ్డు వెడల్పు, కంటి పొడవు, కంటి నరం గుంట కలిపి చూస్తారు. పసితనంలో వచ్చే గ్లకోమాకి ముఖ్యమైన వైద్యం ఆపరేషనే, ఒత్తిడి తగ్గించే చుక్కలు చాలామందిలో అందాకా నెట్టుకురావడానికి. వాటిలో టిమోలాల్ పసివాళ్లలో ఊపిరినీ గుండె వేగాన్నీ తగ్గించగలదు, వేశాక కంటి లోపలి మూల రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. బ్రిమోనిడిన్ అనే చుక్కలు రెండేళ్ల లోపు పిల్లలకి వేయనే కూడదు. ఒక కన్ను సాగితే మైనస్ పవర్ వస్తుంది, కళ్లద్దాలు పెట్టకపోతే మెదడు ఆ కంటిని వాడటం మానేస్తుంది.

ఇక మన అధికారులు. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే లోపాల జాబితా తొమ్మిది. పుట్టు శుక్లం ఉంది, నెలలు నిండని పిల్లల రెటీనా జబ్బు ఉంది, గ్లకోమా లేదు. జాబితాలో లేనిది ఫారంలో ఉండదు, ఫారంలో లేనిది ఎవరికీ కనపడదు. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డని ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వెళ్లి చూస్తుంది, బరువు తూచి జ్వరం చూసి వస్తుంది. ఆమె చేతికి ఒక మిల్లీమీటరు స్కేలు, ఒక పెన్‌టార్చి ఇవ్వడానికి ఏ బడ్జెట్ అడ్డొచ్చిందో! ఆరోగ్య పథకం బోర్డు మాత్రం ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది, దానికి డబ్బు ఎప్పుడూ ఉంటుంది. మెళియాపుట్టి నుంచో సాలూరు నుంచో కంటి పరీక్షకి విశాఖ దాకా వెళ్లాలంటే ఆ రోజు కూలి పోయినట్టే, వెళ్లమని చెప్పేవాడైనా ఉండాలి కదా.

మీ విలేకరికి ఆ ఇల్లు తెలుసు. ఆ పాపకి కంటి ఒత్తిడి చూశారో లేదో ముందు కనుక్కోమనండి. చూడకపోతే ఈ వారమే తీసుకెళ్లమని చెప్పించండి. తర్వాత ఆ ఫొటోకి ఇచ్చినంత జాగాలోనే పైన చెప్పిన కొలతలు వేయండి, ఫొటో లేకుండా.

– విశ్రాంత నేత్ర వైద్య సహాయకుడు, రాజాం, విజయనగరం జిల్లా