హెడ్ బోల్టుల రంధ్రాల్లో ట్యాప్ దింపొద్దు

అమ్మలూ,

రాత్రి ఫోన్‌లో లేతు చప్పుడుకి సగమే చెప్పగలిగాను, అందుకే కూర్చుని రాస్తున్నా. ఇంజిన్ బ్లాకులో, సిలిండర్ హెడ్‌ని పట్టి ఉంచే హెడ్ బోల్టుల రంధ్రాలు శుభ్రం చేయమని మీ సీనియర్ ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) ఇచ్చారన్నావు. ఆ పని ట్యాప్‌తో చెయ్యకు.

ట్యాప్ ఉన్నదే లోహాన్ని కోయడానికి. ఉన్న మరలోకి దింపితే మురికి ఎలాగూ వస్తుంది, దాంతోపాటు మర పక్కల నుంచి కాస్త లోహాన్నీ గీక్కొస్తుంది. కంపెనీ వేసిన మర బిగువుగా ఉండి, నీ చేతిలోని ట్యాప్ కొలత ఒక పిసరు పెద్దదైతే, బోల్టుకి పట్టు తగ్గిపోతుంది. పైకి మాత్రం మర తళతళలాడుతూ కొత్తదానిలా కనిపిస్తుంది. తేడా టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే స్పానర్) బిగించేటప్పుడు బయటపడుతుంది, అప్పటికి మర ఊడి చేతికొస్తుంది. అల్యూమినియంతో ఇంకా జాగ్రత్త. అల్యూమినియం భాగాల్లో చాలా మరలు కోసినవి కావు, లోహాన్ని ఒత్తి వేసినవి. ఆ ఒత్తిడికి గట్టిపడిన పైపొరే వాటి బలం. ట్యాప్ ముందు దాన్నే కోసేస్తుంది.

నీకు కావలసింది థ్రెడ్ చేజర్. చూపుకి ట్యాప్‌లాగే ఉంటుంది కానీ అంచుల్లో కోసే పదును ఉండదు, కొలత కూడా కొంచెం తక్కువ. ఎండిపోయిన లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా రాసే జిగురు), తుప్పు, పాత గాస్కెట్ ముక్కల్ని గాడుల్లోకి లాగేసుకుంటుంది. కాస్త వంగిన మరని తోసి వరసలో పెడుతుంది. లోహం ఎక్కడిదక్కడే ఉంటుంది.

చేజర్ దొరక్కపోతే మనమే చేసుకోవచ్చు. అదే సైజు, అదే పిచ్ (ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం) ఉన్న మంచి బోల్టు తీసుకో, బలంలో 8.8 గ్రేడుది సరిపోతుంది. సన్నటి కటింగ్ డిస్కుతో మరల మీద నిలువుగా మూడు గాడులు పెట్టు. తర్వాత ఆకురాయితో ఆ గాడుల అంచుల బర్రు (కోసినప్పుడు మిగిలే పదునైన లోహపు పొక్కు) పూర్తిగా తియ్యి. గోటితో రాస్తే ఎక్కడా గుచ్చుకోకూడదు. బర్రు ఉంచావంటే అది కూడా ట్యాప్ పనే చేస్తుంది.

దింపే ముందు పిచ్ గేజీ (మరలతో సరిపోల్చి చూసే పళ్ల పలక) పెట్టి చూడు, కంటి అంచనా వద్దు. 10 మిల్లీమీటర్ల బోల్టు 1.5 పిచ్‌లో వస్తుంది, 1.25లో వస్తుంది, 1.0లోనూ వస్తుంది. మారుతి కార్ల చక్రాల స్టడ్లు (నట్టు ఎక్కించడానికి బయటికి పొడుచుకొచ్చిన మరల కడ్డీలు) 12×1.25, హ్యుందాయ్‌వి 12×1.5. తప్పు పిచ్ కూడా ఒకటి రెండు చుట్లు చక్కగానే ఎక్కి ఆ తర్వాత బిగుసుకుంటుంది. ‘మురికి అడ్డుపడింది’ అనుకుని బలం పెట్టావంటే మర నాశనం. పాత బ్రిటిష్ బళ్లు వస్తే ఇంకో చిక్కు. పావు అంగుళం బోల్టులో విట్‌వర్త్‌కీ అమెరికన్ యూఎన్‌సీకీ అంగుళానికి 20 మరలే, కానీ విట్‌వర్త్ కోణం 55 డిగ్రీలు, యూఎన్‌సీది 60. గేజీని వెలుతురుకి ఎదురుగా పెట్టి పళ్ల మధ్య సందు ఉందేమో చూస్తేనే తెలుస్తుంది.

ముందు బ్రేక్ క్లీనర్ కొట్టి, నైలాన్ బ్రష్షుతో తిప్పు. సగం పని అక్కడే అయిపోతుంది. చేజర్‌కి నూనె రాసి వేళ్లతోనే మొదలుపెట్టు. మొదట వెనక్కి తిప్పు. ‘టక్’మని పడ్డ చోట మర మొదలు దొరికినట్టు, అక్కడి నుంచి ముందుకి. బిగుసుకుంటే అర చుట్టు వెనక్కి రా, తుడిచి మళ్లీ దింపు. చివర్లో గాలి కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరిగా పెట్టుకో, ఆ చెత్తంతా నేరుగా ముఖం మీదకే వస్తుంది. అడుగు మూసి ఉన్న రంధ్రాల్లో నూనె గానీ కూలెంట్ గానీ చుక్క కూడా మిగలకూడదు. బోల్టు దిగేకొద్దీ దానికి పోయే దారి ఉండదు, ఆ ఒత్తిడికి బ్లాకే పగలొచ్చు. పగలకపోయినా టార్క్ లెక్క తప్పుతుంది.

స్టడ్ల మరలకి వైర్ బ్రష్ చాలు. మొదటి మర దెబ్బతిని నట్టు ఎక్కకపోతే థ్రెడ్ ఫైలు (మరల ఆకురాయి) వాడు. ఒక్కో ఫైలు మీద ఎనిమిది పిచ్‌లు ఉంటాయి, సరైన వైపు పెట్టి నాలుగు మరలు కలిసేలా రాయాలి. డై (బయటి మరలు కోసే పనిముట్టు) దాకా వెళ్లనక్కర్లేదు.

మర పూర్తిగా పోయిన చోట చేజర్ ఏమీ చేయలేదు. అక్కడ హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వెయ్యాలి. అప్పుడు ట్యాప్ తియ్యి, అది దాని పనే. అది కూడా తిన్నగా పట్టుకుని, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. హెచ్‌ఎస్‌ఎస్ (గట్టి హైస్పీడ్ స్టీల్) ట్యాప్ లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని తాకలేదు, స్పార్క్ ఎరోజన్ మిషన్ (విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని కరిగించేది) దాకా పోవాలి.

మీ సీనియర్‌తో వాదన పెట్టుకోకు. ‘ఒకసారి చేజర్‌తో చూడనా సార్’ అని అడుగు, కాదనరు. రాణిగంజ్ వెళ్లినప్పుడు రీథ్రెడింగ్ సెట్ (చేజర్ల సెట్టే) అని అడిగి కొను. ట్యాప్ సెట్టే అంటగడితే తీసుకోకు, అంచు ముట్టుకుంటే తెలిసిపోతుంది. ఈలోగా ఆ హెడ్ బోల్టు సైజు, పిచ్, పొడవు కొలిచి వాట్సాప్ చెయ్యి. ఇక్కడ ఆటోనగర్‌లో అలాంటిదే కొని, గాడులు పెట్టి, బర్రు తీసి రేపు కొరియర్ చేస్తాను.

నాన్న