బేర్ పంతం

సంపాదకునికి,

అమెరికా బొగ్గు యజమాని జార్జ్ బేర్‌ గురించి మీరు ప్రచురించిన వ్యాసం ఆయన్ని ఒట్టి మొండిఘటంగా చూపి వదిలేసింది. ఆయన న్యాయవాది, రైలు కంపెనీ అధ్యక్షుడు, అన్నిటికీ మించి బడా బ్యాంకరు జె.పి. మోర్గాన్ మనిషి. 1902 మే నెలలో పెన్సిల్వేనియాలో 1,40,000 మందికి పైగా గని కార్మికులు సమ్మెకు దిగింది ఇలాంటి యజమానుల మీదే. అక్కడ పసివాళ్లు బొగ్గు జారే తొట్లపై ఒంగి కూర్చుని ఒట్టి చేతులతో రాళ్లు ఏరేవారు. వేళ్ల కొనలు వాచి నెత్తురోడేవి.

కార్మికుల బాగోగులు చూసేది ఆందోళనకారులు కాదని, దేవుడు ఆస్తులు అప్పగించిన క్రైస్తవ పెద్దమనుషులేనని ఆ జులైలో బేర్ ఒక లేఖలో రాశాడు. అది పత్రికలకెక్కింది. సమ్మెకు అంత మేలు చేసిన కరపత్రం కార్మిక సంఘం కూడా వేసి ఉండదు! అక్టోబరు 3న అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ ఇరుపక్షాలనూ పిలిపిస్తే, సంఘ నాయకుడు జాన్ మిచెల్‌తో చర్చలకు బేర్ ససేమిరా అన్నాడు. చివరికి మోర్గాన్ కల్పించుకున్నాకే వివాదాన్ని తేల్చే విచారణ కమిషన్‌కు దారి దొరికింది.

ఆ కమిషన్ తీర్పుతో 1903 మార్చిలో 10 శాతం కూలి పెంపు, చాలామందికి తొమ్మిది గంటల పనిదినం వచ్చాయి. కార్మిక సంఘానికి గుర్తింపు మాత్రం రాలేదు. అంటే అసలు పంతం బేర్‌దే నెగ్గింది. వ్యాసంలో ఆ ఊసే లేదు.

— విశ్రాంత గని ఉద్యోగి, కొత్తగూడెం