జాజికాయ దీవులకి మన బందరు బట్ట

ఒరేయ్ ప్రసాదూ,

నెదర్లాండ్స్‌లోని హోర్న్ ఊళ్లో కూన్ విగ్రహం ముందు దిగిన నీ ఫోటో అందింది. ఈ యాన్ పీటర్‌సూన్ కూన్ ఎవరు, మా ఆఫీసులో సగంమంది వీరుడంటారు, సగంమంది హంతకుడంటారు, నువ్వేమంటావ్ అని అడిగావు. ఇది వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

నేను హంతకుడనే అంటాను. కానీ అంతటితో వదిలేస్తే అసలు విషయం జారిపోతుంది. అతను రాజు కాదు, దండయాత్రల పిచ్చి ఉన్నవాడూ కాదు. రోములో ఒక వ్యాపారి దగ్గర జమాఖర్చులు నేర్చుకుని, డచ్చు ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగానికి చేరినవాడు. లెక్కల మనిషి. నాకు భయం వేసేది అక్కడే.

మ్యాపులో ఇండోనేషియా తూర్పు వైపు బాందా అని వెతుకు. సముద్రం మధ్య చిన్న చిన్న దీవులు, ఒకటి మొత్తం అగ్నిపర్వతమే. 18వ శతాబ్దం దాకా ప్రపంచం మొత్తానికీ జాజికాయ, జాపత్రి అక్కణ్ణించే వచ్చేవి. పెద్ద పెద్ద కనారి చెట్ల నీడలో పెరిగే చెట్టు అది. పండు లేత పసుపు రంగులో ఉండి, పండాక రెండుగా విచ్చుకుంటుంది. లోపల నల్లటి గింజ, దాన్ని అల్లుకుని ఎర్రటి పొర. ఆ పొర ఎండితే మనం బిర్యానీలో వేసే జాపత్రి. గింజ పెంకు పగలగొడితే జాజికాయ. మా అమ్మ సాన మీద అరగదీసి చంటిపిల్లలకి నాకించేది చూడు, అదే.

ఈ కాయ జావా వాళ్లు, గుజరాతీలు, అరబ్బులు, వెనిస్ వర్తకులు, ఇలా ఎన్నో చేతులు మారి యూరప్ చేరేసరికి దాని ధర ఆకాశంలో ఉండేది. పోర్చుగీసు వాళ్లు 1511లో మలక్కా పట్టుకుని, మరుసటి ఏడే బాందా చేరారు. 1580లో పోర్చుగల్ స్పెయిన్ రాజు చేతికి పోయింది. డచ్చు వాళ్లు అప్పటికే ఆ రాజు మీద తిరగబడి యుద్ధం చేస్తున్నారు. దాంతో లిస్బన్ బజారులో సరుకు కొనడం కష్టమైంది, సొంతంగా ఓడలు కట్టుకుని బయల్దేరారు. 1602లో అందరూ కలిసి ఒకే కంపెనీ అయ్యారు. షేర్లు అమ్మారు. దానికి వాళ్ల ప్రభుత్వం యుద్ధం చేసే హక్కు, కోటలు కట్టే హక్కు, సంధులు కుదుర్చుకునే హక్కు రాసిచ్చింది. లాభం చూపించాల్సిన సంస్థ చేతికి ఫిరంగులివ్వడం! సామ్రాజ్యాల గురించి ఎన్ని కారణాలు చెప్పినా, నా దృష్టిలో మూలం అదే.

మరి జాజికాయకి బదులు ఏమివ్వాలి? ఆ వేడిలో యూరప్ ఉన్నిబట్టలు ఎవరికి కావాలి? బాందా వాళ్లకి కావలసింది బియ్యం, సాగో అనే చెట్టు బోదెలోంచి తీసే పిండి, మన నూలు బట్ట. అందుకే డచ్చు వాళ్లు 1605లో మన బందరుకి వచ్చారు. అప్పుడు మనది గోల్కొండ సుల్తానుల ఏలుబడి. తర్వాత నిజాంపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం. కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం, మొలుక్కా దీవులకి, అంటే బాందా చుట్టుపక్కల సుగంధ ద్రవ్యాల దీవులకి, ఎడమ చెయ్యి, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడి వ్యాపారం చచ్చినట్టే అని 1612లో బ్రౌవర్ అనే కంపెనీ అధికారి రాశాడు. నువ్వూ నేనూ సైకిళ్లేసుకుని బందరులో డచ్చు వాళ్ల పేట అయిన వలందపాలెం మీదుగా ఎన్నిసార్లు తిరిగామో కదా, ఈ ముక్క మనకి ఏ మాస్టారూ చెప్పలేదు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని నేసినవాడికి తన బట్ట ఎక్కడికి పోతుందో తెలిసి ఉండదు. అతని తప్పేమీ లేదు. కానీ ఆ గొలుసులో మన ఊరూ ఒక లింకేనని తెలిశాక నాకు చాలా రోజులు మనసు మనసులో లేదు.

కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే: కాయంతా మాకే అమ్మాలి, మేం చెప్పిన ధరకే. మన రొయ్యల రైతుని ఒకే కొనుగోలుదారుకి కట్టేసి, మేతా వాడి దగ్గరే కొనాలంటే ఎలా ఉంటుందో ఊహించుకో. ఆ దీవుల్లో తిండిగింజలు పెద్దగా పండవు. జావా, మకస్సార్ ఓడలు బియ్యం తెస్తేనే పూట గడిచేది. డచ్చు వాళ్లు సరిపడా తేలేకపోయారు. కాబట్టి ఊరి పెద్దలు, వాళ్లని ఒరాంగ్ కాయా అంటారు, పాత వర్తకులకీ ఇంగ్లీషు వాళ్లకీ అమ్ముతూనే వచ్చారు. కంపెనీ దాన్ని ఒప్పందం మీరడం అంది. 1609లో కోట కట్టబోయిన డచ్చు అడ్మిరల్ వెర్హూవెన్‌ని చర్చలకని పిలిచి బాందా వాళ్లు చంపేశారు. అదీ దాచకుండా చెప్పాలి. వ్యాపారం లేకుండా యుద్ధం సాగదు, యుద్ధం లేకుండా వ్యాపారం నిలవదు అని 1614లో కంపెనీ డైరెక్టర్లకి ఉత్తరం రాసింది ఈ కూనే.

1621లో కూన్ కంపెనీ గవర్నర్ జనరల్ హోదాలో సైన్యంతో బాందాలో దిగాడు. మే నెలలో అక్కడి డచ్చు వాళ్ల నసావ్ కోట దగ్గర వెదురు దడి కట్టించి, 44 మంది పెద్దల్ని అందులోకి తోలాడు. కూలికి తెచ్చిన జపాన్ కత్తివీరులు వాళ్లని నరికారు. వాళ్లలో ఒకాయన డచ్చు భాషలోనే, దొరలూ, మీకు దయ లేదా అని అడిగాడట. చూసినవాడు రాసిపెట్టాడు. ఊళ్లు తగలబెట్టారు. కొండలెక్కి దాక్కున్నవాళ్లు ఆకలితో పోయారు. దాదాపు 15,000 మంది ఉన్న చోట ఇంచుమించు వెయ్యిమంది మిగిలారు. వందలాది మందిని బటావియాకి, అంటే ఇవాళ్టి జకార్తాకి, బానిసలుగా తోలారు. డైరెక్టర్లు కాస్త మందలించారు. 1627లో మళ్లీ అతన్నే అదే పదవిలో కూర్చోబెట్టారు.

మనుషులు పోయారు, చెట్లు ఉన్నాయి. తోటల్ని 68 ముక్కలు చేసి డచ్చు వాళ్లకి పంచి, పనికి బానిసల్ని తెచ్చారు. మన కోరమాండల్ తీరం నుంచి కూడా వేలాది మందిని కంపెనీ బానిసలుగా ఓడలెక్కించింది. మొదట బట్ట పోయింది, తర్వాత మనుషులు.

తర్వాతి కథ నీకు సగం తెలిసే ఉంటుంది. 1667 బ్రెడా సంధిలో రన్ అనే బాందా దీవి డచ్చు వాళ్లకి, మన్‌హట్టన్ ఇంగ్లీషు వాళ్లకి ఖాయమయ్యాయి. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు వాళ్లు మొక్కలు పట్టుకెళ్లి తమ వలసల్లో నాటాక ఆ గుత్తాధిపత్యం పోయింది. ఇవాళ కరీబియన్‌లోని గ్రెనడా దేశం జెండా మీద జాజికాయ బొమ్మ ఉంది. కంపెనీ అప్పుల్లో మునిగి 1799 చివర్లో మూతపడితే, అప్పులతో పాటు దీవుల్నీ వాళ్ల ప్రభుత్వమే తీసుకుంది. దేశాలు ఆస్తి పద్దులో రాసుకునే సరుకైపోయాయిరా! 1936లో హట్టా, షహ్రీర్ లాంటి ఇండోనేషియా స్వాతంత్ర్య నాయకుల్ని ప్రవాసంలో ఉంచిందీ ఆ బాందాలోనే.

నాకు ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది. అప్పట్లో పడవల్లో పారిపోయినవాళ్ల వారసులు కై దీవుల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ బాందా భాషే మాట్లాడతారు.

అప్పటి మీ ప్రధాని రుట్టే 2022 డిసెంబరులో బానిసత్వానికి దేశం తరఫున క్షమాపణ చెప్పాడు కదా. మంచిదే. కానీ కూన్ విగ్రహం కింద ఫలకం మీద నాలుగు వాక్యాలు మార్చడం, ఒక క్షమాపణ, ఇంతటితో సరిపోయింది అనేవాళ్లతో నేను ఒప్పుకోను. మీ పిల్లల బడి పుస్తకంలో బాందా గురించి ఎన్ని పంక్తులున్నాయో కనుక్కుని రాయి.

ఇంకో పని. హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్‌లో కంపెనీ కాగితాలు కిలోమీటరు పొడవున అరల్లో ఉన్నాయి, చాలావరకు ఇంటర్నెట్లో కూడా పెట్టారు. నీకు డచ్చు చదవడం వచ్చు. మచిలీపట్నం, పాలకొల్లు నుంచి వెళ్లిన పాత ఉత్తరాల్లో నేతగాళ్ల పేర్లు, వాళ్లకిచ్చిన బయానా లెక్కలు ఏమైనా దొరుకుతాయేమో వెతుకు. ఆ చేతిరాత కష్టంగా ఉంటుంది, టెన్షన్ పడకు, కొంచెం కొంచెంగా చూడు. దొరికింది దొరికినట్టు నాకు పంపించు.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
సూరిబాబు