బిందువు జరపడం కాదు, పరిమాణం తెలియాలి: విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బడిలో లెక్కలు చెబుతాను. ఘాతాంకాల పాఠం చివర్లో హడావుడిగా ముగించేసే ప్రామాణిక రూపం గురించి ఈ లేఖ రాస్తున్నాను. మరీ పెద్ద, మరీ చిన్న సంఖ్యలను 3 × 10⁴ లాగా, 1 నుంచి 10 లోపు సంఖ్యను పది ఘాతంతో గుణించి రాసే పద్ధతి అది. చూడ్డానికి చిన్న విషయమే. కానీ పైతరగతుల్లో భౌతిక, రసాయన శాస్త్రాల లెక్కలు మొదలయ్యాక పిల్లలు తడబడేది ఇక్కడే.

పరీక్షలో ఎప్పుడూ ఒకే తరహా ప్రశ్న: 149600000ను ప్రామాణిక రూపంలో రాయండి. పిల్లవాడు దశాంశ బిందువును ఎన్ని స్థానాలు జరపాలో వేళ్ల మీద లెక్కపెట్టి 1.496 × 10⁸ అని రాస్తాడు, మార్కు వచ్చేస్తుంది. భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం అన్ని కిలోమీటర్లని వాడికి తెలియనక్కర్లేదు. ఎడమకు జరిపితే ప్లస్, కుడికి జరిపితే మైనస్ అని బట్టీ పడితే చాలు. పరీక్ష టెన్షన్‌లో అది తారుమారైందనుకోండి, సుమారు 7 × 10⁻⁶ మీటర్ల వెడల్పుండే ఎర్ర రక్తకణం 7 × 10⁶ మీటర్లైపోతుంది, అంటే భూమి వ్యాసంలో సగానికి పైనే! రాసినవాడికి నవ్వు రావాలి. రాదు, వాడి దృష్టిలో అవి ఉత్త అంకెలు.

10⁻³ అనగానే ఋణ సంఖ్య అనుకునేవాళ్లూ ఉంటారు. బోర్డు మీద 1000, 100, 10 ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన 10³, 10², 10¹ వేసి, కిందికి దిగేకొద్దీ ఏం జరుగుతోందని అడిగితే "పదితో భాగిస్తున్నాం సార్" అంటారు. అలాగే దిగనిస్తే 1 పక్కన 10⁰, 0.1 పక్కన 10⁻¹ వాళ్లే రాస్తారు. ఎంత దిగినా సున్నాకు చేరమని, ఇక ఋణ సంఖ్య ఎలా వస్తుందని వాళ్లే అడుగుతారు. పది నిమిషాల పని. సిలబస్ పూర్తిచేయాలన్న తొందరలో మొదట ఎగిరిపోయేవి ఆ పది నిమిషాలే.

కూడికలు మరీ ఘోరం. 3 × 10⁴కు 2 × 10⁵ కలిపి 5 × 10⁹ అని రాస్తారు. ముప్పై వేలకు రెండు లక్షలు కలిపితే ఐదు వందల కోట్లన్నమాట! అదే నోటితో అడిగితే రెండు లక్షల ముప్పై వేలని ఠక్కున చెప్పేస్తారు.

నేను కోరేది కొత్త పుస్తకం కాదు, ప్రశ్న మార్చమని. ఉదాహరణకు: భూమి ద్రవ్యరాశి 5.97 × 10²⁴ కిలోలు, చంద్రుడిది 7.35 × 10²² కిలోలు; ఏది ఎక్కువ, సుమారు ఎన్ని రెట్లు? ముందున్న అంకెలు మాత్రమే చూసేవాడికి చంద్రుడే బరువు. ఘాతాంకాలు చూసినవాడు వందకు కాస్త తక్కువ రెట్లని కాగితం ముట్టకుండానే అంచనా వేస్తాడు, కట్టి చూస్తే 81 వస్తుంది. లేదా 10⁶ సెకన్లు ఎంతకాలం, 10⁹ సెకన్లు ఎంతకాలం అని అడగండి. మొదటిది పన్నెండు రోజులు కూడా నిండదు, రెండోది దాదాపు 32 ఏళ్లు.

పాఠ్యపుస్తకం మార్చాలంటే కమిటీలు, ముద్రణ, ఏళ్లు. మాదిరి ప్రశ్నపత్రంలో ఒక మార్పిడి ప్రశ్న తీసేసి ఇలాంటి పోలిక ప్రశ్న పెట్టడానికి మీ ఉత్తర్వు ఒక్కటి చాలు. పరీక్షలో వస్తుందని తెలిస్తే మేమూ ఆ పది నిమిషాలు వదలం. వచ్చే విద్యా సంవత్సరం మాదిరి పత్రాలు ఖరారయ్యేలోపు పరిశీలించగలరు.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు