మా కారు కన్వర్టర్ బాగానే ఉందని రుజువు చేసి చూపించిన వాళ్లకు కృతజ్ఞతలు

మూసాపేటలో చిన్న షెడ్డు నడుపుకునే మెకానిక్ తమ్ముడికి, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరై మా అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న బాబాయ్ గారికి, తుప్పు పట్టిన బోల్టులను ఓపిగ్గా కోసి తీసిన సైలెన్సర్ వెల్డింగ్ షాపు కుర్రాడికి అందరి ముందూ థ్యాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను. డబ్బు మిగిలిందన్న సంతోషం ఉంది. అంతకన్నా, వాళ్లు పని చేసిన తీరు నలుగురికీ తెలియాలి.

మాది 2018 మోడల్ పెట్రోల్ కారు, కాలుష్య ప్రమాణం బీఎస్-4. ఔటర్ రింగ్ రోడ్డు మీద వస్తుండగా ఇంజిన్ లైటు వెలిగింది. బండి నడకలో తేడా లేదు, మైలేజీ తగ్గలేదు. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెడితే పి0420 కోడ్ వచ్చింది. ఇంజిన్ పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా, అంటే కేటలిటిక్ కన్వర్టర్, సరిపడా పనిచేయడం లేదని దానర్థం. మొత్తం మార్చాల్సిందేనని అర లక్ష దాటిన ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఇంకోచోట అడిగితే, దాన్ని కోసేసి మామూలు పైపు వేస్తాం, చవగ్గా అయిపోతుందన్నారు. ఆ మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ డబ్బాలో ఉండే ప్లాటినం, పల్లాడియం, రోడియం వల్లే కార్బన్ మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు చాలావరకు హాని తగ్గి బయటికొస్తాయి. అది పీకేస్తే అమీర్‌పేట సిగ్నల్ దగ్గర నా వెనక స్కూటీ మీద పిల్లలతో ఆగినవాళ్లు ఆ విషం పీల్చాలి.

బాబాయ్ గారికి ఎస్టిమేట్ చూపించాను. "కోడ్ వచ్చినంత మాత్రాన ఆ పార్టు పోయినట్టు కాదమ్మా. సెన్సర్‌కి అలా కనిపించింది, అంతే. ఎందుకు కనిపించిందో తేలకుండా సంతకం పెట్టకు. ఒకవేళ మార్చాల్సి వచ్చినా పాతది అక్కడ వదిలిపెట్టకు, అందులో ఖరీదైన లోహాలుంటాయి" అన్నారు. అంతటితో ఊరుకోకుండా మూసాపేట దాకా తోడొచ్చారు.

మెకానిక్ తమ్ముడు ముందు ఇంజిన్‌ని బాగా వేడెక్కనిచ్చాడు, కన్వర్టర్ చల్లగా ఉంటే పని మొదలుపెట్టదు కాబట్టి. తర్వాత రేస్ 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి, పొగలో ఆక్సిజన్ ఎలా ఉందో చెప్పే రెండు ఆక్సిజన్ సెన్సర్ల గీతలూ స్కానర్‌లో నాకు చూపించాడు. కన్వర్టర్‌కి ముందున్న సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉండాలట. వెనకున్నది 0.6, 0.7 దగ్గర దాదాపు నిలకడగా ఉండాలి. కన్వర్టర్ లోపలి పూతలో సీరియం ఆక్సైడ్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎక్కువైతే దాచుకుని, తక్కువైతే వదులుతుంది. అందుకే ముందున్న ఊపు వెనక్కి చేరదు. (కొన్ని కార్లలో ముందు సెన్సర్ వేరే రకం ఉంటుంది, వాటికి ఈ వోల్టుల లెక్క పనికిరాదు.) మా కారులో వెనక గీత కూడా ఊగుతోంది. అది చూసి నాకు టెన్షన్ మొదలైంది.

తను మాత్రం అక్కడ ఆగలేదు. ఫ్యూయల్ ట్రిమ్, అంటే పెట్రోల్ పాళ్లను కంప్యూటర్ ఎంత సరిదిద్దుతోందో చూశాడు, 5 శాతం లోపే ఉంది. మిస్‌ఫైర్లు, అంటే ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా అంటుకోకపోవడాలు, లేవు. ఇంజిన్ ఆయిల్ తగ్గుతోందా, కూలెంట్ తగ్గుతోందా అని అడిగాడు. రెండూ లేవన్నాను. "ఆయిల్ తాగే ఇంజిన్‌కి కొత్త కన్వర్టర్ వేసినా అదీ పాడైపోతుందక్కా. మీ ఇంజిన్ మంచిగుంది. మరి ఇది ఊరికే ఎందుకు పోతది?" అన్నాడు. ఈ ప్రశ్న సర్వీస్ సెంటర్‌లో ఎవరూ వేయలేదు.

కారు లిఫ్ట్ మీదకెక్కించి టార్చి పట్టుకుని చూస్తే, కన్వర్టర్ తర్వాత పైపు కలిసే జాయింట్ దగ్గర నల్లటి మసి చార కనిపించింది. వెనక సెన్సర్ దానికి దగ్గర్లోనే ఉంది. మెషీన్‌తో సైలెన్సర్ చివర నుంచి పొగ ఎక్కిస్తే, సరిగ్గా ఆ మసి దగ్గరే సన్నగా బయటికొచ్చింది. ఇంజిన్ పొగ ఒకే ధారగా పోదు, విడతలు విడతలుగా వెళ్తుంది. ఆ విడతల సందున కారే జాయింట్ బయటి గాలిని లోపలికి లాగుతుంది. సెన్సర్ ఆ గాలిలోని ఆక్సిజన్‌ని చూసి తప్పు కన్వర్టర్ మీద పెట్టింది.

జాయింట్ మధ్య కారకుండా వేసే గ్యాస్కెట్ రాణిగంజ్ నుంచి తెప్పించారు. బోల్టులు తుప్పు పట్టి కదలకపోతే పక్క షాపు కుర్రాడు ఎండలో కూర్చుని, సెన్సర్ వైరుకి వేడి తగలకుండా తడిగుడ్డ కప్పి మరీ కోశాడు. కొత్తవి బిగించి మళ్లీ చూస్తే వెనక గీత 0.7 దగ్గర నిలబడిపోయింది. ఆ స్క్రీన్ ఫొటో తీసి దాచుకున్నాను.

కోడ్ చెరిపేశాక కూడా, లైటు ఆరిందని నమ్మొద్దు, కంప్యూటర్ తన పరీక్ష తాను పూర్తి చేసుకోవాలి, ఔటర్ మీద ఒకే స్పీడులో కాసేపు నడిపి రండని పంపాడు. తిరిగొచ్చాక స్కానర్ పెట్టి, కేటలిస్ట్ పరీక్ష పాసైందని చూపించి, అప్పుడు బిల్లు రాశాడు. గ్యాస్కెట్, బోల్టులు, కూలి, పొగ టెస్టు, అంతే. బాబాయ్ గారైతే టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

ఇంజిన్ లైటు వెలిగిన వాళ్లకు ఆ తమ్ముడు చెప్పమన్న మాట ఒకటుంది. లైటు నిలకడగా వెలిగితే నిదానంగా చూపించుకోవచ్చు. ఆగి ఆగి మెరుస్తుంటే మాత్రం మిస్‌ఫైర్ అవుతోందని, కాలని పెట్రోల్ వెళ్లి కన్వర్టర్‌ని కరిగించేయవచ్చని అర్థం, బండి పక్కన ఆపేయండి. షెడ్డు ఎక్కడో కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, తనని అడిగి లొకేషన్ పంపిస్తాను.